అన్నీ ముంగిసే ఎత్తుకుపోయిందా? ఒక పెరటి కోళ్ల కేసు

పెరటి కోళ్లు పెంచే ఇళ్లకు తిరగడం నా పనిలో పెద్ద భాగం. టీకాల గురించి, నట్టల మందు గురించి అడిగేవాళ్లు ఉంటారు గానీ, వాళ్లకంటే "సార్, కోళ్లు పోతున్నయ్" అని ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. రోగంతో పోవడం కాదు, ఏదో వచ్చి ఎత్తుకుపోతోంది. ఆ వచ్చేది ఏమిటో తేల్చుకోకుండానే జనం జాలీ కొంటారు, కుక్కను తెస్తారు, విసుగెత్తితే విషపు మందు పెట్టడానికి కూడా సిద్ధమవుతారు. ఈ ఇంటి కేసు రాయాలనిపించింది ఎందుకంటే, ఇక్కడ ఒకే పెరటికి నాలుగైదు రకాల జీవాలు వేర్వేరు వేళల్లో వస్తున్నాయి, ఇంటివాళ్లు మాత్రం మొత్తం నేరాన్ని ఒక్కదాని మీదే వేశారు, ఖర్చంతా దాని మీదే పెట్టారు. ఊరి పేరు, మనుషుల పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఇల్లు, పెరడు

నల్లమల అంచున ఒక ఊరు. ఆ ఊళ్లో చివరి ఇళ్లలో ఇదొకటి, వెనక గోడ దాటితే పత్తి చేను, చేను దాటితే గుట్ట. భార్యాభర్తలు, అత్తగారు, ఇద్దరు పిల్లలు. కోళ్ల పనంతా ఆ ఇంటి కోడలిదే. సంఘం లోను తీసుకుని మొదలుపెట్టింది కాబట్టి ప్రతి కోడికీ లెక్క ఉంది ఆమె దగ్గర. సుమారు 40 కోళ్లు. సగం నాటువి, సగం వనరాజ పిల్లలు. వనరాజ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం, పెరటి పెంపకానికే చేసింది, రంగురంగుల ఈకలతో నాటుకోడిలాగే కనిపిస్తుంది, త్వరగా బరువు పెరుగుతుంది. ఆ బరువే అడవి అంచున కొంత ఇబ్బంది. నాటుపెట్ట ప్రమాదం కనిపిస్తే గోడ మీదికి ఎగురుతుంది, వనరాజ పరుగెత్తుతుంది అంతే. ఈ తేడా తర్వాత పనికొచ్చింది, అందుకే ముందే చెబుతున్నాను.

కోళ్ల గూడు ఇటుక గోడలు, పైన సిమెంట్ రేకులు, కింద మట్టి నేల. ఒక పక్క కట్టెల కుప్ప, మరో పక్క పెద్ద చింతచెట్టు, దాని కొమ్మ ఒకటి రేకుల మీదికి వాలి ఉంది. పెరడు చుట్టూ తుమ్మకంప, రేగుకంప. బాత్రూం పక్కన చిక్కుడు పందిరి.

వాళ్లు చెప్పింది

వానాకాలం అయిపోయినప్పటి నుంచి కోళ్లు తగ్గుతున్నాయి. దసరాకు అమ్ముదామనుకున్న పుంజుల్లో కొన్ని లేవు, పెట్టలు పోయాయి, రెండు తల్లికోళ్ల కింద ఉన్న పిల్లలు దాదాపు అన్నీ పోయాయి, గుడ్లు కూడా సగం దొరకడం లేదు. ఒక రాత్రి అయితే గూట్లోనే ఐదు కోళ్లు చచ్చి పడి ఉన్నాయి. "ముంగిస తప్ప ఇంకేముంటది సార్, పగలంతా కంప పొంటి తిరుగుతది, నా కండ్లతోని చూసిన" అంది ఆమె. చూసిన మాట నిజమే. నేను వెళ్లినప్పుడు కూడా ఒకటి కంపలోంచి తల ఎత్తి చూసి లోపలికి జారిపోయింది.

కానీ ముంగిస పగటి జంతువు. పొద్దు గూకితే బొరియలోకి వెళ్లిపోతుంది. అర్ధరాత్రి గూట్లో ఐదు కోళ్ల మెడలు కొరికింది ముంగిస అయ్యే అవకాశం చాలా తక్కువ. ఈ ఒక్క ముక్కతోనే ఆమె చెప్పిన కథలో కనీసం ఇద్దరు ఉన్నారని అర్థమైంది. అందుకే ఆమె ఒక్కటిగా చెప్పిన నష్టాన్ని మూడుగా విడదీసి అడగడం మొదలుపెట్టాను: రాత్రి పోయినవి ఏవి, పగలు పోయినవి ఏవి, గుడ్లు ఎక్కడి నుంచి పోతున్నాయి. ముందు రోగం కాదని కూడా చూసుకోవాలి. కొక్కెర తెగులు వచ్చిన ఊళ్లో చచ్చిన కోడిని కుక్క లాక్కుపోతే అది కూడా "ఏదో ఎత్తుకుపోయింది" లెక్కలోకే పోతుంది. ఇక్కడ టీకాలు వేయించారు, మిగిలిన కోళ్లు చురుగ్గా ఉన్నాయి, పచ్చటి రెట్ట లేదు, మెడ తిప్పుకోవడం లేదు. కాబట్టి ఆ దారి పక్కన పెట్టాను.

అప్పటికే చేసినవి

చాలా చేశారు పాపం. కంప ఇంకో వరస పెంచారు. పాత సీడీలు దారాలకు కట్టి వేలాడదీశారు, ఒక దిష్టిబొమ్మ నిలబెట్టారు. గూటి ముందు రాత్రంతా బల్బు వెలిగించారు. చూరు కింద సందుకు కోళ్ల జాలీ, అంటే ఆరు మూలల గళ్లుండే పల్చటి జాలీ, బైండింగ్ వైరుతో నాలుగు చోట్ల కట్టారు. చెరువు వాళ్ల దగ్గర పాత నైలాన్ వల తెచ్చి కంప అడుగున చుట్టారు. ఒక కుక్కను కూడా తెచ్చారు.

సీడీలు, దిష్టిబొమ్మ పక్షుల్ని కొన్నాళ్లు ఆపుతాయి. కదలకుండా అక్కడే ఉంటే కాకికి అలవాటైపోతుంది, నేను చూసేసరికి దిష్టిబొమ్మ భుజం మీదే కాకి వాలి ఉంది. బల్బు కూడా అంతే, మనుషులున్న ఇళ్ల చుట్టూ తిరగడం అలవాటైన జంతువుకు వెలుతురు కొత్త కాదు. కుక్క విషయం వేరు. పెద్దయ్యాక తెచ్చిన కుక్క, కోళ్లతో కలిసి పెరగలేదు, వచ్చిన వారంలోనే ఒక పెట్టను తరిమి చంపింది. పిల్లగా ఉన్నప్పటి నుంచి కోళ్ల మధ్య పెరిగిన కుక్క మంచి కాపలా, ఇలా మధ్యలో తెచ్చింది మాత్రం ఇంకో ప్రమాదం. దాన్ని పగలు కట్టేసి రాత్రి వదలమన్నాను.

నైలాన్ వల గురించి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నేలకు ఆనించి కట్టిన వలలో పాము తల దూర్చితే వెనక్కి రాలేదు, పొలుసులు గళ్లకు పట్టేస్తాయి. నేను వెళ్లడానికి కొద్దిరోజుల ముందే నాగుపాము ఒకటి అలాగే ఇరుక్కుని పగలంతా బుసకొడుతూ ఉందట, పక్క ఊరి నుంచి పాములు పట్టే అతన్ని పిలిపించి వల కోయించారు. పిల్లలు ఆడుకునే పెరడు అది. కోడిని కాపాడటానికి కట్టిన వల ఇంటివాళ్లకే ముప్పు తెచ్చింది. ఆ రోజే వల మొత్తం విప్పించాను.

బూడిద పరిచి చూశాం

ఖర్చు పెట్టించే ముందు ఎవరు వస్తున్నారో తెలియాలి. కెమెరాలు పెట్టే స్తోమత ఇక్కడ లేదు, అవసరం కూడా లేదు. పొయ్యి బూడిదను గుడ్డలో జల్లించి, మెత్తటి పొడి మాత్రమే తీసుకుని, గూటి తలుపు ముందు, కట్టెల కుప్ప పక్కన, ఇంకా చూరు కింద గోడ పైఅంచు మీద పల్చగా చల్లించాను. మందంగా చల్లితే అడుగు విరిగిపోతుంది, గుర్తు పడదు. వేలితో ఒత్తి చూస్తే వేలి గీతలు కనపడాలి, అంత మెత్తగా ఉండాలి.

పాదాల గుర్తుల్లో నేను మొదట చూసేది గోళ్లు, తర్వాత వేళ్ల లెక్క. పిల్లి జాతి నడిస్తే నాలుగు వేళ్లు గుండ్రంగా పడతాయి, గోళ్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి కాబట్టి గోటి గుర్తు ఉండదు. కుక్క, నక్క అయితే నాలుగు వేళ్లు, ముందు గోటి చుక్కలు. ముంగిసకు ఐదు వేళ్లు, ముందు కాళ్లకు పొడుగాటి గోళ్లు. చెట్లెక్కి తిరిగే మానుపిల్లి, పునుగుపిల్లి పేరుకే పిల్లులు, పిల్లి జాతి కావు, వాటికి కూడా ఐదు వేళ్లే.

తలుపు ముందు బూడిద మీద ఇంటి పిల్లి నడిచిన గుర్తులు తప్ప ఏమీ లేవు. గోడ పైఅంచు మీద మాత్రం ఐదేసి వేళ్ల గుర్తులు వరసగా పడ్డాయి, చింతకొమ్మ వాలిన మూల నుంచి మొదలై జాలీ కట్టిన సందు దాకా. ఆ సందు అరచెయ్యి దూరేంత ఉంది. అక్కడ జాలీ చింపినట్టు లేదు, మెలితిప్పిన తీగ తుప్పు పట్టిన చోట విడిపోయి, ఆ విడిపోయిన మూల లోపలికి వంగి ఉంది. వంగిన తీగ కొసకు నల్లటి బిరుసు వెంట్రుకలు నాలుగైదు, వాటికి అంటుకుని కోడి ఈక. రేకు మీదికి ఎక్కి చూస్తే పెంట కూడా దొరికింది, నిండా రేగు గింజలు, ఒక్కటి కూడా నమలలేదు. పండు మింగి గింజ అలాగే వదిలే అలవాటు, చెట్టు మీంచి రేకు మీదికి దిగే దారి, రాత్రి రావడం, ఇవన్నీ కలిపితే మానుపిల్లి అని నాకు గట్టిగా అనిపించింది.

ఆ తర్వాత ఒక రాత్రి ఇంటాయన టార్చి వేసి చూశాడు. తోక ఎలా ఉందో చూడమని ముందే చెప్పి ఉంచాను. నల్లటి పొడుగు తోక, పట్టీలు లేవు అన్నాడు. పునుగుపిల్లి తోక మీద తెలుపు నలుపు పట్టీలు స్పష్టంగా ఉంటాయి. కాబట్టి మానుపిల్లే.

అత్తగారు మాత్రం "ఏదైతేంది, అది వెంకన్న పిల్లి, దాన్ని ముట్టొద్దు" అంది. తిరుమలలో స్వామి వారికి పునుగు తైలం పూస్తారు కదా, ఆమెకు మానుపిల్లీ పునుగుపిల్లీ ఒకటే. నేను సరిదిద్దలేదు. ఆమె భక్తి ఆ జంతువుకు మేలే చేస్తోంది, సరిదిద్ది నేను సాధించేది ఏముంది?

ఒకే రాత్రి ఐదింటిని చంపి ఒక్కదాన్నే తినడం గురించి కూడా ఇంటాయన అడిగాడు, పగబట్టినట్టు చంపింది అని. పగ కాదు. అడవిలో ఒకదాన్ని పట్టుకుంటే మిగతావి ఎగిరిపోతాయి, అక్కడితో వేట ఆగుతుంది. మూసిన గూట్లో మిగతావి ఎటూ పోలేవు, చీకట్లో కోడికి కళ్లు సరిగా కనపడవు, అరుస్తూ రెక్కలు కొట్టుకుంటూ దాని ముందే తిరుగుతాయి, కదిలేదాన్ని కొరకడం దాని స్వభావం. అంటే సందున్న గూట్లో కోళ్లను మూసిపెట్టడం బయట చెట్టు మీద పడుకోనివ్వడం కంటే ప్రమాదం. సగం మూత అనేది పనికిరాదు, మూస్తే పూర్తిగా మూయాలి. తర్వాతి ఖర్చంతా ఈ లెక్క మీదే పెట్టించాను.

రాత్రి గూడు

ఇంటాయన మొదటి ఆలోచన, చూరు సందంతా సిమెంటుతో పూసేద్దామని. వద్దన్నాను. రాత్రి 30, 40 కోళ్లు పడుకునే గూట్లో గాలి ఆడకపోతే రెట్ట నుంచి వచ్చే అమోనియా కళ్లకు, ఊపిరితిత్తులకు పడుతుంది, ఎండాకాలం సిమెంట్ రేకు కింద ఉక్కకే కొన్ని చచ్చిపోతాయి. జంతువును ఆపాలి, గాలిని ఆపకూడదు. అందుకే అర అంగుళం గళ్ల వెల్డెడ్ మెష్ తెప్పించాం. కోళ్ల జాలీ కోడి బయటికి పోకుండా ఉండటానికి చేసింది, బయటిది లోపలికి రాకుండా ఆపడానికి కాదు, ఈ రెండూ వేరు. వెల్డెడ్ మెష్‌లో ప్రతి గడి దగ్గర తీగ అతికి ఉంటుంది, ఒక చోట తెగినా మిగతాది విడిపోదు.

ఎలా బిగించాలన్నది కూడా ముఖ్యమే. సందు కంటే అన్ని వైపులా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువగా కోసి, గోడకు బయటి వైపు పెట్టి, అంచుల మీద చెక్క పట్టీ వేసి, పట్టీ మీంచి స్క్రూలు బిగించారు. బయటి నుంచి జంతువు తోస్తే మెష్ గోడకే ఆనుకుంటుంది. లోపలి వైపు మేకులతో కొడితే అదే తోపుకు మేకు ఊడి వస్తుంది.

తలుపు కింద రెండు వేళ్ల సందు ఉంటే అక్కడ నాపరాయి బండ ముక్క ఒకటి గడపలా పెట్టించాం. తలుపుకు మధ్యలో ఒకే గడియ ఉండేది, కింది మూల లాగితే చెయ్యి పట్టేంత తెరుచుకుంటోంది, కింద ఇంకో గడియ పెట్టించాం. గూటి చుట్టూ బయట గోడను ఆనుకుని అడుగున్నర వెడల్పున బండలు పరిచారు. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, బండ తగిలితే అడుగున్నర వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. గోడ కింద లోతుగా తవ్వి జాలీ పూడ్చడం కంటే ఇది సులువు, ఆ ఊళ్లో బండలు ఊరికే దొరుకుతాయి.

చింతచెట్టు కొట్టేస్తామన్నారు. రేకు మీదికి వాలిన కొమ్మ ఒక్కటే కొట్టించి, కట్టెల కుప్పను గూటికి దూరంగా జరిపించాను. లోపల కోళ్లు ఎక్కి పడుకునే కర్రను కూడా మెష్‌కు ఆనుకోకుండా గది మధ్యకు మార్పించాను. అంచున పడుకున్న కోడి తోక, కాలు గళ్లలోంచి బయటికి వస్తే లోపలికి రాకుండానే కొరికి లాగుతాయి.

మొత్తానికి మెష్, స్క్రూలు, కూలి కలిపి నాలుగైదు నాటు పుంజుల ధర అయింది. ఒక రాత్రి పోయినవే ఐదు కాబట్టి ఆమె ఖర్చుకు వెనకాడలేదు.

ఇంత చేశాక కూడా ఒక రాత్రి రెండు కోళ్లు పోయాయి. ఇంట్లోవాళ్లంతా పెళ్లికి వెళ్లారు, పొద్దుపోయి వచ్చారు, గూటి తలుపు మూసే మనిషి లేదు. కోళ్లు పొద్దు గూకగానే వాటంతట అవే గూట్లోకి వెళ్లాయి, తలుపు మాత్రం తెరిచే ఉంది. దీని తర్వాత మూసే పని అత్తగారికి, మనవరాలికి అప్పగించారు, దీపం పెట్టే వేళకు తలుపు మూసి లోపల లెక్క చూడటం. ఆ లెక్క చూడటం వల్ల ఇంకో లాభం వచ్చింది, పగలు ఏది పోయిందో అదే రోజు సాయంత్రం తెలిసిపోతోంది, వారం తర్వాత "ఎప్పుడు పోయిందో ఏమో" అనడం పోయింది.

పగటి సంగతి

ఇది కష్టమైన భాగం, ఇప్పటికీ పూర్తిగా తెమలలేదు.

సాయంత్రం లెక్కలు, అత్తగారు చూసినవి కలిపితే తేలింది ఏమిటంటే, చిన్న పిల్లలు ఎక్కువగా పొద్దున తొమ్మిది నుంచి పదకొండు లోపు పోతున్నాయి. అంటే పత్తి ఏరడానికి కోడలు చేనుకు వెళ్లాక. కొన్ని కాకులు, కొన్ని డేగ. డేగ వేపచెట్టు మీద కూర్చుని చూస్తుంది, ఒక్కసారి దిగి ఒక్క పిల్లను పట్టుకుని పోతుంది, నేల మీద ఏమీ మిగలదు. కాస్త పెద్దవి, ముఖ్యంగా వనరాజవి, కంప వైపు పోతున్నాయి, అక్కడ ఈకలు, ఒకసారి తల లేని కోడి దొరికింది. అది ముంగిస పని. ఆమె అనుమానం ఉత్తది కాదన్నమాట, అన్నిటికీ అదే కారణం కాదు అంతే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ ముంగిసకు ఇల్లు ఇచ్చింది వాళ్లు పేర్చిన కంపే. కోళ్లకు నూకలు చల్లేది కంప పక్కనే, నీళ్ల తొట్టి అక్కడే. ముంగిస కంపలో దాక్కుని రెండు గంతుల్లో కోడిని అందుకుంటోంది. దానికి బహిరంగంగా ఉన్న నేల దాటడం ఇష్టం ఉండదు కాబట్టి కంప చుట్టూ శుభ్రం చేసి, మేత వేసే చోటును పెరటి మధ్యకు మార్చాలి. కానీ పెరటి మధ్య అంటే పైన ఏ నీడా లేని చోటు, అది డేగకు, గద్దకు కావలసింది. ముంగిసకు దూరం చేస్తే గద్దకు దగ్గర చేసినట్టు. చాలామంది దీన్ని గమనించరు, ఒకదాన్ని ఆపి రెండోదానికి దారి తీస్తారు.

మొదట పెరటి మీద మొత్తం వల కప్పుదామని చూశారు. ఆ ఊళ్లో కోతుల మంద ఉంది, రెండో రోజుకే వల చీలికలైంది. ఆ ఆలోచన మానేశాం.

పరిష్కారం పెరట్లోనే ఉంది, చిక్కుడు పందిరి. చలికాలంలో చిక్కుడు పాదు ఎంత దట్టంగా అల్లుకుంటుందో తెలిసిందే, పైనుంచి చూస్తే కింద నేల కనపడదు. ఆ పందిరి కింద, మిగిలిపోయిన మెష్‌తో నడుమెత్తు కంచె కట్టి, తల్లికోడిని పిల్లలతో సహా లోపల పెట్టించాం. పైన ఆకులు, పక్కన మెష్, అడుగున బండ. కాకి దూరదు, డేగకు కనపడదు, ముంగిస రాదు. పిల్లలు ఆరు వారాలు దాటేదాకా అక్కడే. తల్లికోడి పిల్లలకు గీరి చూపించడానికి రోజూ రెండు దోసిళ్ల పేడమట్టి, చెదలున్న తాటాకు ముక్క వేస్తారు, లేకపోతే బందీగా ఉన్న పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. ఎండాకాలం పాదు ఎండిపోయాక అదే పందిరి మీద తాటాకులు కప్పారు.

పెద్ద కోళ్లకు మేత చోటు పెరటి మధ్యకు మారింది, దానికి రెండు వైపులా ఎండుటాకుల తడకలు ఏటవాలుగా నిలబెట్టాం. గద్ద నీడ పడగానే కోళ్లు వాటి కిందికి దూరుతున్నాయి, ముంగిస దాక్కోవడానికి మాత్రం ఆ తడకలు చాలవు, అటూ ఇటూ తెరిచే ఉంటాయి. కోళ్లను గూట్లోంచి వదిలే వేళ కూడా మార్చారు. తెల్లవారుజామున కాకుండా, ఇంట్లో మనుషుల అలికిడి మొదలయ్యాక. అత్తగారు గడపలో కూర్చుని పత్తి గింజలు తీసే వేళకు వనరాజవి బయట తిరుగుతాయి.

గుడ్లు

దీనికి ఎక్కువ చెప్పాల్సింది లేదు. గూట్లో పెట్టిన గుడ్లు పెంకు ముక్క కూడా మిగలకుండా మాయమయ్యాయంటే పామును అనుమానించాలి. పాము ఎందుకు వచ్చిందంటే ఎలుకల కోసం, ఎలుకలు ఎందుకు వచ్చాయంటే గూట్లోనే ఒక మూల జొన్నల బస్తా ఉంది. బస్తాను ఇనుప డ్రమ్ములోకి మార్చి ఇంట్లో పెట్టించాను, ఎలుక కన్నాల్లో గాజుపెంకులు కూరి సిమెంటు పూశారు, రాత్రి మేత గూట్లో వేయడం మానేశారు. గుడ్లు రోజుకు రెండుసార్లు ఏరుతున్నారు. పొదిగే పెట్ట ఆ 21 రోజులూ ఇంటి లోపలే, గంపలో. అర అంగుళం మెష్ పెద్ద పామును ఆపుతుంది, సన్నపామును ఆపలేదు, అందుకే మెష్‌ను నమ్ముకోకుండా ఎలుకల్ని లేకుండా చేయడం మీద శ్రద్ధ పెట్టాం.

మందు పెడతానన్న రోజు

మధ్యలో ఒకరోజు ఇంటాయన గుడ్డుకు రంధ్రం చేసి గుళికల మందు పోసి కంప దగ్గర పెడతానన్నాడు. పొలంలో వాడగా మిగిలింది ఇంట్లోనే ఉంది. ఇంకో ఇంట్లో కంచెకు కరెంటు తీగ పెట్టారని కూడా చెప్పాడు. కోళ్లు పోయి లోను కట్టలేక ఉన్న మనిషి కోపం అది, నాకు అర్థమవుతుంది. కానీ ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేదు.

పెరట్లో పెట్టిన విషపు గుడ్డును ముంగిసే తింటుందని నమ్మకం ఏముంది? మొదట చూసేది కాకి. తర్వాత కుక్క. ఆ గుడ్డు దొరికితే ఆయన పిల్లలే చేతిలోకి తీసుకుంటారు. చచ్చిన కాకిని తిన్నదీ చస్తుంది. ముంగిస, మానుపిల్లి, అడవిపిల్లి, ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి, చంపినా ఉచ్చు వేసి పట్టినా కేసే. కంచెకు కరెంటు పెడితే చీకట్లో ముందు తగిలేది పొరుగింటి మనిషికే కావచ్చు, అలాంటి చావులు మన పల్లెల్లో ఎన్ని విన్నాం! ఇవన్నీ చెప్పాక కూడా ఆయన ఊగిసలాడాడు. చివరికి ఆయన ఆగింది ఇంకో లెక్కతో. ఒక ముంగిసను చంపితే ఆ కంప, ఆ మేత అలాగే ఉన్నంతకాలం ఇంకోటి వచ్చి చేరుతుంది, ఈలోగా చేలో, గూటి చుట్టూ ఎలుకలు పెరుగుతాయి, ఎలుకల వెనక పాములు వస్తాయి. నాగుపాము వలలో ఇరుక్కున్నది ఆయనకు గుర్తుంది. మందు డబ్బా ఆ రోజే ఇంట్లోంచి తీసి, పిల్లలకు అందకుండా పొలం దగ్గర కొట్టంలో తాళం వేసి పెట్టాడు.

ఇప్పుడు ఎలా ఉంది

ఆ పెళ్లి రాత్రి తప్ప గూట్లోంచి మళ్లీ కోడి పోలేదు. మానుపిల్లి ఇంకా వస్తోంది, రేకు మీద పెంట కనపడుతూనే ఉంది, లోపలికి దారి లేదు. పందిరి కింద పెరిగిన పిల్లల్లో ఎక్కువ బతికాయి, ఒకటి రెండు రోగంతో పోయినవి తప్ప. గుడ్ల గోల ఆగింది.

పందిరి కంచె దాటి బయటికి వచ్చిన వనరాజ కోళ్లు మాత్రం అప్పుడప్పుడు పోతూనే ఉన్నాయి, నెలకు ఒకటో రెండో, ఎక్కువగా మధ్యాహ్నం. తిరిగి మేసే కోళ్లకు అడవి అంచున పూర్తి రక్షణ లేదు, పూర్తిగా మూసి పెంచితే మేత ఖర్చు ఆమె భరించలేదు. ఈ బేరాన్ని ఆమెతో కూర్చుని విడమరచి మాట్లాడాను. ఆమె తీసుకున్న నిర్ణయం, వచ్చే విడతలో వనరాజవి తగ్గించి నాటుపెట్టలు పెంచడం. బరువు తక్కువ పెరుగుతాయి, గుడ్లు తక్కువ పెడతాయి, కానీ తప్పించుకుంటాయి, పొదిగి పిల్లల్ని అవే చేసుకుంటాయి. పొదుగుడు వనరాజలో పెద్దగా ఉండదు. వనరాజవి ఎన్ని పెట్టుకోవాలో మాత్రం పందిరి కింద ఎంత చోటు ఉందో చూసి నిర్ణయిస్తానంది. నాకు ఆ లెక్క నచ్చింది.

ఈ కేసు తర్వాత కోళ్లు పోతున్నాయని ఫోన్ వస్తే, "ఏం తింటోంది" అని నేను అడగడం లేదు. ఎప్పుడు పోయింది, ఏం మిగిలింది, గుడ్డా పిల్లా పెద్దదా, తల ఉందా లేదా, ఈకలు ఎక్కడ పడ్డాయి, ఇవి అడుగుతాను. చచ్చిన కోడిని పారేయకుండా, కూర వండేయకుండా నేను వచ్చేదాకా బోర్లించిన గంప కింద ఉంచమంటాను. ఫోన్‌లోనే బూడిద ఎలా చల్లాలో చెప్పి, పొద్దున ఫొటో తీసి పంపమంటాను, పక్కన అగ్గిపెట్టె పెట్టి తీస్తే పాదం సైజు తెలుస్తుంది. సగం కేసుల్లో జాలీ కొనే ముందే ఎక్కడ కొట్టాలో తెలిసిపోతోంది.

ఆ వీధిలో ఇంకో రెండు ఇళ్లవాళ్లు ఇప్పుడు పిలిచారు. వాళ్ల గూళ్లు మట్టిగోడలవి, మెష్‌కు స్క్రూ పట్టదు, చెక్క చట్రం కట్టి దాన్ని గోడకు నిలబెట్టాలి. ముందు బూడిద చల్లమని చెప్పాను.